పిట్టకు పెట్టే పాయసం కోసం సిరిసిల్ల దాకా

మా పెద్దోడు మహేశ్ గల్ఫ్‌లో పనికి పోయి అక్కడే చనిపోయాడు. దినాల రోజు పిట్టకు పెట్టడానికి గారెలు, కోడికూర, పరమాన్నం అన్నీ వండాను. కాకి వాలింది కానీ ముట్టకుండా లేచిపోయింది. పోయినవాళ్లకు ఇష్టమైంది పెట్టకపోతే పిట్ట ముట్టదని మా దగ్గర అంటారు. నలుగురిలో తల ఎత్తలేకపోయాను. సంవత్సరీకం దగ్గరపడుతుంటే, అక్కడ వాడి రూములోనే ఉండి తిరిగొచ్చిన సిరిసిల్ల రమేశ్ ఫోన్ చేశాడు. "అమ్మా, శుక్రారం సెలవునాడు నేను గోధుమ పాయసం చేస్తే మహేశ్ గిన్నె నాకెటోడు" అన్నాడు. నా కొడుక్కి ఇష్టమైన వంట నాకు తెలియనే తెలియదు. నేర్చుకుందామని సంవత్సరీకానికి ముందురోజు బయలుదేరాను.

కోరుట్లలో పొద్దున ఏడు గంటలకు జగిత్యాల బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, కానీ సీటు దొరకాలంటే పెందలాడే పోవాలి. జగిత్యాలలో దిగి ఖర్జూరం, కాజు, కిస్‌మిస్, బాదం కొన్నాను. "ఏందవ్వా, ఇంట్ల లగ్గమా?" అని షావుకారు నవ్వాడు. "ఔ కొడుకా" అనేశాను. నా నోటికి ఆ మాట ఎట్లా వచ్చిందో! అక్కడి నుంచి వేములవాడ బస్సులో గుండ్లు చేయించుకోబోయే పిల్లల మధ్య నిలబడే పోయాను. వేములవాడ నుంచి సిరిసిల్లకు షేర్ ఆటోలు దొరుకుతాయి.

రమేశ్ ఇప్పుడు మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. గోధుమలు రాత్రే నానబెట్టి ఉంచాడు.

"బెల్లం తేవుడు మర్సిన కొడుకా."

"రూముల బెల్లం యాడిదమ్మా? ఖర్జూరమే ఎనిపి ఏసెటోళ్లం. గింజ మెత్తగైనంకనే ఎయ్యాలె, లేకుంటె బిరుసైతది."

గింజ ఉడికాక ఖర్జూరం, పాలు, నేతిలో వేయించిన పప్పులు వేసి, ఏదో పనిమీద బయటికి వెళ్లాడు. బెల్లం లేకుండా తీపి సరిపోతుందా అని నాకు అనుమానం. చెంచాతో తీసి నోట్లో వేసుకున్నాను.

పిట్టకు పెట్టేది ముందు ఎవరూ రుచి చూడకూడదు. అది గుర్తొచ్చేలోపే అదే చెంచా మళ్లీ గిన్నెలో ముంచాను. వాడు పోయినప్పటి నుంచి నేను తీపి ముట్టలేదు. మొదటి చెంచా తీపి చూడడానికే అనుకుందాం. రెండోది ఆశ. తలెత్తితే రమేశ్ గడపలో నిలబడి ఉన్నాడు.

"ఎంగిలి చేసిన కొడుకా. పారబోసి మళ్ల వండుదాం."

"పారబోసుడేందమ్మా? మహేశ్ గాడు పొయ్యి మీద ఉండంగనే చెంచ ముంచెటోడు. మేం తిట్టంగ తిట్టంగనే సగం ఒడిసేది. వాడు ఎంగిలి గాని పాయసం ఎన్నడు తిన్నడు?"

అదే పాయసం డబ్బాలో పోసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరి, ఫ్రిజ్‌లో పెట్టాను.

మర్నాడు విస్తరిలో పెట్టగానే కాకి వచ్చి ముట్టింది. "అచ్చిండే వదినె, నీ కొడుకు అచ్చిండు" అని మా ఆడబిడ్డ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే డబ్బాలో ఇంకా ఎంత మిగిలిందా అని చూశాను. కొడుకును పోగొట్టుకున్న నోటికి ఇంకా రుచి తెలుస్తున్నదే అని సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

మీరూ ఇట్లా పోయినవాళ్ల కోసం వండేటట్టయితే, వాళ్ల వాటా ముందే వేరే గిన్నెలోకి తీసిపెట్టండి. మన నోరు అడగకుండా ఉండదు.