రికాబులో మునివేళ్లు

నాచారం ఫ్యాక్టరీల వెనక ఒక రేకుల షెడ్డులో కృపానందం, ముత్యం ఉండేవాళ్లు. ముత్యం తెల్ల గుర్రం. పెళ్లి ఊరేగింపులకు దాన్ని కిరాయికి తిప్పడం అతని బతుకుదెరువు. భార్య ఎలిజబెత్ జ్వరంతో పోయి ఐదేళ్లయింది. పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుని, ఎవరైనా పలకరించేలోపే లేచి వచ్చేసేవాడు.

ఉప్పల్ ఫంక్షన్ హాళ్ల ముందు, జీనుకు వేలాడే ఇనుప రికాబు చూపించి ప్రతి పెళ్లికొడుక్కీ ఒకే మాట చెప్పేవాడు. "ఎడమ దిక్కు నుంచి ఎక్కాలె. రికాబుల మునివేళ్లే ఆనియ్యి, పాదం మొత్తం దూర్చకు." వినేవాళ్లు తక్కువ. ఏ బావమరిదో నడుం పట్టి ఎత్తి జీను మీద పడేసేవాడు. బ్యాండు మోగేది. కళ్లెం పట్టుకుని ముందు నడిచే మనిషి పేరు ఎవరూ అడిగేవాళ్లు కాదు.

2009 వానాకాలంలో ఒక పొద్దున విజయశ్రీ షెడ్డు దగ్గరికి వచ్చింది. ఊరు తెనాలి. హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేది. నలభై రెండేళ్లు, పెళ్లి చేసుకోలేదు, హాస్టల్లో ఉండేది. గుర్రం ఎక్కడం నేర్పుతారా అని అడిగింది. ఇప్పుడెందుకన్నాడు కృపానందం.

"వద్దనేవాళ్లు ఎవరూ మిగల్లేదండీ. అందుకే."

మొదటి వారం అతను ఎక్కనివ్వలేదు. మెడ నిమరమన్నాడు, కడుపు పట్టీ బిగించడం నేర్పాడు. రికాబు పొడవు కొలవాలంటే వేళ్ల కొసలు జీనుకు ఆనించి, దాని తోలు పట్టీని చేతి వెంట చాపితే రికాబు సరిగ్గా చంక దగ్గరికి రావాలని చూపించాడు. ఆ తర్వాత ఎక్కడం. ఎడమ చేతిలో పగ్గాలతోపాటు గుప్పెడు జూలు పట్టుకోవాలి. కుడికాలు దాని నడుముకు తగలకుండా తిప్పాలి. ధబ్బున కాదు, మెల్లగా కూర్చోవాలి. మడమలు కిందికి, చూపు గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకి. నెలన్నరకి ఆమె చెరువు పక్క ఖాళీ జాగాలో ఒంటరిగా తిరగగలిగింది. రోజూ ఆమెకు నేర్పే ఆ గంటసేపే కృపానందం మాట్లాడేది. తక్కిన రోజంతా మౌనం.

నవంబరులో గాలికి ఒక ప్లాస్టిక్ కవరు ఎగిరొచ్చింది. ముత్యం బెదిరి పక్కకు దూకింది. విజయశ్రీ బురదలో పడింది. పాదం రికాబులోంచి సులువుగా జారి వచ్చేసింది. ఆమె నవ్వుతూ లేచి చూసేసరికి కృపానందం నేల మీద చతికిలబడి ఉన్నాడు.

ఇరవై ఆరేళ్ల వయసులో తను పందెపు గుర్రాల లాయంలో పనిచేసేవాణ్నని చెప్పాడు. ఒకనాడు కిందపడితే పాదం రికాబులో ఇరుక్కుని, గుర్రం చాలా దూరం ఈడ్చుకుపోయింది. తుంటి ఎముక విరిగింది. అది అతుక్కుంది కానీ, ఈ ఇరవై రెండేళ్లలో మళ్లీ గుర్రమెక్కలేదు.

"ఒక్కసారి ఎక్కండి. నేను పట్టుకుంటాను," అంది విజయశ్రీ.

అతను రికాబులో కాలు పెట్టాడు. జూలు పట్టుకున్నాడు. కాలు తీసేశాడు. ఆమె ముత్యాన్ని తనే నడిపించుకుంటూ షెడ్డుకి తెచ్చింది.

డిసెంబరులో బందుల మీద బందులొచ్చి క్లాసులు ఆగిపోయాయి. సెంటర్ వాళ్లు ఆమెను విజయవాడకు పంపారు. వెళ్లేరోజు కిలో క్యారెట్లు తెచ్చి ఒక్కొక్కటే ముత్యానికి తినిపించింది. షెడ్డులో వేలాడే క్యాలెండరు మీద తన నంబరు రాసి వెళ్లింది.

తర్వాత వచ్చింది పుష్యమాసం. పెళ్లిళ్లు లేవు. ముత్యాన్ని అదిలించినప్పుడు తప్ప కృపానందానికి తన గొంతు తనకే వినిపించేది కాదు. ఒక పొద్దున ఊరికే జీను వేశాడు. చెరువు పక్కకు తీసుకెళ్లి రికాబులో మునివేళ్లు ఆనించాడు. రెండుసార్లు కాలు వెనక్కి తీసుకున్నాడు. మూడోసారి కాలు అవతలికి తిరిగింది. జీనులో కూర్చున్నాడు. ముత్యం తనంతట తనే నడవసాగింది. అంత ఎత్తునుంచి చూస్తే రోజూ చూసే చెరువే ఎంతో పెద్దదిగా తోచింది. రెండు చుట్లు తిరిగి దిగాడు. చుట్టూ ఎవరూ లేరు.

షెడ్డుకొచ్చి విజయశ్రీకి ఫోన్ చేశాడు.

"క్లాసులో ఉన్నానండీ. ముత్యం బావుందా?"

"మంచిగున్నది మేడం."

సాయంత్రం చేస్తానని ఆమె పెట్టేసింది. అసలు మాట చెప్పడం కాలేదు. ఆ సాయంత్రం ఫోను రాలేదు. అతనూ మళ్లీ చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే జీను వేసి, ముత్యానికి ఎడమ పక్కన నిలబడి, మొదటిసారికే ఎక్కాడు.