చివర నిలబడ్డ మనిషి

నంద్యాలలో సలీం కట్టిన ఫోటో లేని ఇల్లు తక్కువ. దేవుళ్లు, మక్కా మదీనా, పోయినవాళ్లు, పెళ్లివాళ్లు అందరూ అతని చేతిమీదుగానే గోడ ఎక్కారు. ముప్పై ఏళ్ల పని. తండ్రి బుడేన్ నేర్పింది ఒకటే: అద్దం కోస్తే పగలొచ్చు, కాగితం పగలదు. ఫ్రేముకు ఫోటో పెద్దదైతే ఫోటోనే కొయ్యాలి.

పెళ్లి ఫోటోల్లో ఎక్కడ కొయ్యాలో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. నడిమి మనుషుల జోలికి పోకూడదు. చివర నిలబడ్డవాళ్లు పోతారు. చివర నిలబడేది పేద చుట్టాలే కాబట్టి, ఇన్నేళ్లలో ఎవరూ వచ్చి అడగలేదు.

ఫిబ్రవరిలో ఊళ్లో ఫోటోల ప్రదర్శన పెట్టారు. 'మన దేశం, మామూలు రోజు' అని పేరు. దేశం నలుమూలల నుంచి అరవై ఫోటోలు వచ్చాయి. అస్సాంలో పడవ మీద బడికి పోయే పిల్లలు, రాజస్థాన్‌లో గొర్రె బొచ్చు కత్తిరించే ముసలాయన, అట్లాంటివి. జడ్జీలు గోడమీదే చూసి బహుమతి ఇస్తారు. ఫ్రేములన్నీ ఒకే కొలత. కట్టే పని సలీంది.

యాభై తొమ్మిది సరిగ్గా కూర్చున్నాయి. అరవయ్యోది ఆళ్లగడ్డది. హేమలత అనే అంగన్‌వాడీ టీచరు ఫోన్‌తో తీసింది. శనగ చేను. పీకుడు ఆపి, గట్టున వరుసగా కూర్చుని సద్ది తింటున్న కూలి ఆడవాళ్లు. కుడి అంచున ఒకామె నిలబడి, చెంబు వంచి, ముసలామె దోసిట్లో నీళ్లు పోస్తోంది.

ఫోటో నాలుగు వేళ్లు ఎక్కువ వెడల్పుంది. ఎడమవైపు కోస్తే ఇద్దరు పోతారు. కుడివైపు ఒక్కతే. సలీం స్కేలు పెట్టి బ్లేడు లాగాడు. చెయ్యీ చెంబూ మిగిలాయి. తెగిన ముక్క మరునాడు చెత్తబండిలో పోయింది.

మొదటి బహుమతి దానికే వచ్చింది.

బహుమతి ఇచ్చే రోజు సలీం హాల్లో వంకర తిరిగిన ఫ్రేములు సరిచేస్తున్నాడు. హేమలత తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. తల్లి పేరు భారతమ్మ. పెట్టె అడుగు నుంచి తీసిన నీలం చీర, మడత గీతలు ఇంకా పోలేదు. ఆమె ఫోటో దగ్గరికి పోయి అద్దానికి ముక్కు ఆనించినంత పని చేసింది.

"ఇది మహానందమ్మ. చూడు, ఫోటోలో గూడా నోరు మూసింది లేదు. ఇది ఎజ్రా పెండ్లాం. నేను యాడుండా పాపా?"

హేమలత ఫోటో కుడి అంచు దగ్గరికి వంగింది. ఆమె కూడా ఇప్పుడే చూస్తోంది.

"నేను లేనే," అంది భారతమ్మ.

"చెయ్యి నీదే గదమ్మా. గాజులు చూడు."

"చెయ్యి చూసేదానికా ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చింది? చెయ్యి ఇంట్లోనే ఉండె గదా."

"పెద్దోళ్లు ఎవరో కత్తిరించినట్టుండారు లేమ్మా. వాళ్లకు తెలుస్తాది."

సలీం మేకు పట్టుకుని నిలబడిపోయాడు. ఊరుకుంటే ఆ మాట అట్లే నిలిచిపోయేది. అతని నోరు ఊరుకోలేదు.

"పెద్దోళ్లు కాదమ్మా. నేనే కోసినా. ఫ్రేములో పట్టలా."

భారతమ్మ అతన్ని కిందినుంచి మీదికి చూసింది.

"పట్టకపోతే మనిషిని కోస్తావా అప్పా? ఇంకొంచెం పెద్ద ఫ్రేము చేసేదానికి రాదా నీకు?"

"వచ్చు," అన్నాడు సలీం.

"మిగిలిన ముక్క యాడుంది?"

"పోయింది."

"యాడికి పోయింది?"

సలీం చేతిలో మేకు వైపు చూస్తూ చెప్పాడు. "చెత్తబండిలో."

హేమలత చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అన్నా, ఈ మాట ఇంగెవురికీ చెప్పాకు. బహుమతి ఇచ్చినాంక మళ్లా ఎందుకు."

సభ మొదలైంది. జడ్జి మైకు ముందుకొచ్చి ఆ ఫోటోను చూపించాడు. నీళ్లు పోసే మనిషి కనిపించదు, చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, ఫోటో ప్రాణమంతా అక్కడే ఉందన్నాడు. ఈ దేశంలో దాహం తీర్చేవాళ్లకు ముఖాలు ఉండవన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ ఆలోచన ఎట్లా వచ్చిందని హేమలతను అడిగాడు.

ఆమె తల్లివైపు చూడలేదు. "ముఖం వద్దనుకున్నా సార్," అంది.

మళ్లీ చప్పట్లు. రెండో వరుసలో భారతమ్మ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది. లేచి బయటికి నడిచింది.

సలీం వెంట పోయాడు. బస్టాండు వైపు పోయే ఆటో కోసం ఆమె రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"అమ్మా, ఆ పాప ఫోన్లో నిండు ఫోటో ఉంటాది గదా. పెద్దది తీయించి నేనే కట్టి తెచ్చిస్తా. ఆళ్లగడ్డకే తెస్తా."

"తెచ్చి యాడ తగిలించాల?"

"మీ ఇంట్లో."

"వచ్చినోళ్లు చూసి, దీంట్లో నీ ముఖం ఉండాదే, నీ కూతురు ముఖం వద్దనుకున్నా అని సభలో చెప్పె గదా అంటే ఏం చెప్పాల నేను?"

సలీం ఆటో వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాడు.

"నువ్వు తెలీక కోసినావ్," అంది భారతమ్మ. "నిన్ను నేనేమీ అనుకోను. పో అప్పా, పని చూసుకో."

ఆటో వచ్చింది. ఆమె ఎక్కి, కుచ్చిళ్లు లోపలికి లాక్కుని కూర్చుంది. వెనక్కి చూడలేదు.

హాల్లో మైకు అతని పేరు పిలుస్తోంది. అరవై ఫ్రేములూ వారంలో కట్టిచ్చిన సలీం భాయ్, యాడుండావ్, రావాల అని. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయారు. శాలువా కప్పుతుంటే సలీం తల వంచాడు. కప్పినాయన అది వినయమనుకుని భుజం తట్టాడు.