మా మగ్గం పేరు మీద పోయిన నూలు

యుద్ధం రోజుల్లో నూలు మీద కంట్రోలు వచ్చేదాకా నేనూ మా చెల్లెలూ ఒకే రకం బతుకు బతికినవాళ్ళం. నగరిలో పక్కపక్క వీధుల్లో ఇద్దరికీ ఒక్కో గుంట మగ్గం, ఇద్దరి మొగుళ్ళూ నేతగాళ్ళే. పైగా పనిలో దానికన్నా నేనే మేలు. అది చుట్టిన నూలు కండెలు మగ్గం మీదికి పోకముందే జారిపోయేవి. మా అత్త చూసి, "నీ సెల్లెలికి దేవుడు సేతులు ఊరికే ఇచ్చినాడే" అని నవ్వేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల చల్లగా ఉండేది.

కంట్రోలు వచ్చాక బజారులో నూలు దొరకడం మానేసింది. మగ్గానికి ఇంత అని సర్కారు కోటా ఇస్తే, దాన్ని నేతగాళ్ళ సొసైటీ పంచాలి. అందుకు రాతకోతలు తెలిసినవాడు కావాలి. మా వీధుల్లో ఎనిమిదో క్లాసు దాకా చదివినవాడు మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, ఒక్కడే. అతన్ని సెక్రటరీ చేశారు. మొన్నటిదాకా నా మొగుడిలాగే గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసినవాడు కుర్చీలో కూర్చున్నాడు.

మొదట్లో కొంత నూలు వచ్చింది. తర్వాత తర్వాత అడిగినప్పుడల్లా "కోటా రాలేదన్నా" అనేవాడు. నా మొగుడు మగ్గం గుంట మీద పలకలు పరిచి, పుత్తూరు రోడ్డు పనికి కంకర కొట్టడానికి పోయేవాడు. చెల్లెలి ఇంట్లో మాత్రం కిరసనాయిలు కరువు లేదు. పొద్దు గూకితే వసారాలో ఒక లాంతరు, వంటింట్లో ఇంకొకటి. మా ఇంట్లో చీకట్లో తడుముకుంటూ సంగటి కెలికేదాన్ని. వాళ్ళ లాంతరు వెలుతురు సందు మలుపు దాకా పడేది. నీళ్ళకు పోవాలన్నా ఆ వెలుతురు తొక్కకుండా చుట్టు తిరిగి పోయేదాన్ని.

ఒకరోజు ఓర్చుకోలేక దాని ఇంటికి పోయాను. చెవులకు కొత్త రాళ్ళ కమ్మలు పెట్టుకుని ఉంది.

"ఎప్పుడు చేయించుకుంటివే?"

"ఆయనే తెచ్చినాడక్కా. వద్దంటే ఇనలా," అంది సిగ్గుపడుతూ.

నూలు సంగతి ఎత్తాను. లోపల కాఫీ తాగుతున్న మరిది బయటికొచ్చాడు. "నా సేతుల్లో ఏముండాది వదినా? పైనుంచి వస్తే మొట్టమొదట మీకే గదా ఇచ్చేది." మర్యాదగానే చెప్పాడు. వచ్చేటప్పుడు చెల్లెలు కొంగులో ఇంత చక్కెర పోసి ముడేసింది. అది పట్టుకునే ఇంటికి వచ్చాను. పిల్లలు ఆ చక్కెర నాకుతూ "మా పిన్నమ్మ మంచిది" అన్నందుకు ఇద్దరినీ కొట్టాను.

మామిడికాయల కాలంలో పుత్తూరు స్టేషను దగ్గర ఒక బండిలో చింతపండు బస్తాల కింద నూలు బేళ్ళు పట్టుబడ్డాయి. అవి మా సొసైటీవని తేలింది. చిత్తూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి ఇల్లిల్లూ మగ్గాలు చూశాడు. మా ఇంట్లో గుంట మీది పలకలకు మేకపిల్లను కట్టేసి ఉంచాం.

"ఈ మగ్గానికి నెలనెలా నూలు పోతావుండాదే. నేసిన గుడ్డ యాడ?" అని సొసైటీ లెక్కల పుస్తకం తెరిచి అడిగాడు.

"నూలు మొగం సూసి శానా దినాలాయ సామీ," అన్నాడు నా మొగుడు.

"మరి ఈ వేలిముద్ర ఎవురిది?"

"నాది గాదు సామీ. నాకు సంతకం వచ్చు."

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. మమ్మల్ని దోచుకున్నారని కాదు, నాకు ముందు తోచింది ఆ కమ్మలు నావని. ఆ లాంతరు నాది. ఆ చక్కెర నాది. నాదే నాకు కొంగులో ముడేసి పంపింది.

కేసు చిత్తూరు కోర్టుకు పోయింది. మా అమ్మ చెల్లెలి దగ్గరే ఉండేది. మా ఇంటికొచ్చి, "తోడబుట్టినదాని తాళి మీదికి సాక్షం చెప్తారా?" అని ఏడ్చింది. మా నూలు గురించి ఒక్క మాట అడగలేదు.

నా మొగుడితో పాటు నేనూ, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సెక్కి పోయాను. బస్సు దిగి కోర్టు దాకా నడిచాం. చెల్లెలు జట్కాలో దిగింది. మరిది తరఫున మద్రాసు నుంచి వకీలు వచ్చాడు. ఆయన నా మొగుణ్ణి నిలబెట్టి, "నీ భార్యకు చెల్లెలంటే కుళ్ళు. అందుకే ఈ సాక్ష్యం. అవునా కాదా?" అన్నాడు. కోర్టులో ఉన్నవాళ్ళంతా తిరిగి నన్ను చూశారు. నా ముఖం కాలిపోయింది.

నా మొగుడు వకీలు వైపే చూస్తూ చెప్పాడు. "కుళ్ళు ఉంటే ఉండొచ్చు సామీ. నూలైతే రాలా."

మరిదికి జైలు పడింది, జుల్మానా కూడా వేశారు. ఆ నూలు కొన్న పెద్ద వ్యాపారి పేరు కోర్టులో ఎవరూ ఎత్తలేదు.

ఇక నా కడుపుమంట చల్లారుతుందనుకున్నాను. కమ్మలు వకీలు ఫీజుకు పోయాయి, లాంతర్లు ఆరిపోయాయి. కానీ వీధి వీధంతా చెల్లెలి ఇంటికే పోయేది. ఒకరు రాగిపిండి ఇచ్చేవారు, ఒకరు గుమ్మడికాయ పంపేవారు. "పాపం, సిన్నపిల్ల, దానికేం తెలుసు" అనేవారు. మగ్గం మూతపడి, మొగుడి చేతులు రాళ్ళకు పగిలిన నన్ను అలా అన్నవాళ్ళు లేరు. పైగా నన్ను చూస్తే మాట ఆపేసేవారు. దాని సొమ్ము చూసి ఓర్వలేకపోయిన నేను, దానికి దొరికిన జాలిని చూసి కూడా ఓర్వలేకపోయాను.

మరిది తిరిగొచ్చేనాటికి చిక్కిపోయి ఉన్నాడు. తర్వాత కొన్నాళ్ళకు కంట్రోలు ఎత్తేశారు. ఎవరు పెట్టుబడి పెట్టారో గానీ, బజారులో నూలు అంగడి తెరిచాడు. అరువిస్తాడని మా వీధి వాళ్ళంతా అక్కడే కొన్నారు. నా మొగుడు మాత్రం నూలుకు పుత్తూరు దాకా పోయివచ్చేవాడు.

వాళ్ళు మిద్దె కట్టి ఇంట్లో చేరేనాడు అమ్మ మాట మీద నేనూ పోయాను. చెల్లెలు పసుపు కుంకుమ పెట్టి ఒక పట్టుచీర చేతిలో పెట్టింది.

"నీకోసరమే ఏరి తెచ్చినా అక్కా," అంది. దాని కళ్ళల్లో నీళ్ళున్నాయి.

చీర వెనక్కి ఇవ్వలేదు. ఇంటికొచ్చి కట్టుకున్నాను. నా మొగుడు మగ్గం మీంచి తలెత్తి, "బాగుండాదే నీకు," అన్నాడు. ఆ మాటకు కూడా నాకు ఒళ్ళు మండింది.