గోడ అవతలి ఫోను

కోకాపేటలోని మా ఆఫీసు కింది అంతస్తును పోయిన నెలలో కొత్తగా ముస్తాబు చేశారు. సోఫాల పక్కన చిన్న బల్ల వేసి, దాని మీద అందం కోసం ఒక నల్లటి పాత టెలిఫోను పెట్టారు. లిఫ్టు కోసం ఎదురుచూస్తూ ఊరికే రిసీవరు ఎత్తి చెవికి ఆనించాను. అదే బరువు, అదే చల్లదనం. మాట్లాడే చోట ఉన్న చిల్లుల్లోంచి పాత దుమ్ము వాసన. అందులో ఏ శబ్దమూ లేదు, వైరు ఎక్కడికీ పోదు. అయినా నా వీపు దానంతటదే నిటారుగా అయింది. జుట్టు సవరించుకున్నాను కూడా. ఇన్నేళ్ల తరవాత ఇదేం కర్మ అని నా మీద నాకే చిరాకేసి ఠక్కున పెట్టేశాను.

ఆ చిరాకు పేరు మేరీ సరోజిని గారు. విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రంలో నేను పరిశోధన చేసిన రోజుల్లో ఆవిడ నా గైడు. గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన మనిషి. మా విభాగం ఉన్న పాత భవనంలో గదికొకటి చొప్పున ఇలాంటి ఫోన్లు ఉండేవి. బయటి లోకంతో వాటికి సంబంధం లేదు. ఆ భవనంలోనే ఒక గది నుంచి ఇంకో గదికి మోగేవి, అంతే. కిటికీలోంచి చూస్తే దూరాన హైటెక్ సిటీ అద్దాల మేడలు మెరుస్తూ ఉండేవి. అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు ఉండేవి. మిగతా ప్రొఫెసర్ల గదుల్లో ఆ నల్ల ఫోన్లు ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పనికొచ్చేవి. మేడం మాత్రం దానితోనే పని నడిపేవారు.

నా గది ఆవిడ గదిని ఆనుకునే ఉండేది. మధ్య గోడ మరీ పలచన. అందుకని ఆవిడ ఏం మాట్లాడినా నాకు రెండుసార్లు వినిపించేది: ఒకసారి గోడలోంచి శుభ్రంగా, ఇంకోసారి ఫోనులోంచి గరగరమంటూ. మా అటెండరు యాదగిరి ఒకరోజు ఆ తంతు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏంది మేడం గిది? గోడ అవతలికి ఫోనా? జర గట్టిగ పిలిస్తే వస్తది గద ఆ పిల్ల."

"పిలిస్తే వస్తుంది యాదగిరీ. వచ్చి నిలబడి నా మొహం చూస్తూ నాకు నచ్చేదే చెబుతుంది" అన్నారు మేడం.

ఆ మాట నాకు రెండు దారుల్లోనూ వినిపించింది. ఒళ్లు మండింది.

ఫోను కంటే ఘోరమైనది ఆవిడ మౌనం. "ఏమ్మా, మూడో అధ్యాయం ఎంతవరకొచ్చింది?" అని అడిగేవారు. "అయిపోవచ్చింది మేడం" అనేదాన్ని. ఇక అవతల మాట ఉండదు. పెట్టెయ్యరు, తిట్టరు. గరగర మధ్య ఊపిరి మాత్రం వినిపిస్తూ ఉంటుంది. కాసేపటికి నేనే, "అంటే, సగం అయింది మేడం" అనేదాన్ని. మళ్లీ అదే నిశ్శబ్దం. చివరికి, "ఇంకా మొదలుపెట్టలేదు మేడం" అని నా నోటితో నేనే ఒప్పుకున్నాక, "ఆఁ, సరే. రేపు మొదలుపెట్టు" అని పెట్టేసేవారు. మెసేజ్ పెడితే సరిపోతుంది కదా అని ఒకసారి గొడవపడ్డాను. "మెసేజ్ అయితే నువ్వు తీరిగ్గా కూర్చుని మంచి అబద్ధం తయారుచేస్తావు" అన్నారు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లెవరూ నాకు తెలియదు.

మా విభాగంలోనే లావణ్య అని ఇంకొక పరిశోధక విద్యార్థిని ఉండేది. రోజూ హఫీజ్‌పేట్ నుంచి లోకల్ రైల్లో వచ్చేది. మంచి పిల్ల, అందరికీ ఇష్టం. పరిశోధన గడువు అయిపోయింది, ఇంకొక ఏడాది కావాలని అర్జీ పెట్టుకుంది. కమిటీ కుదరదంది. ఆ కమిటీలో మేడం కూడా ఉన్నారు. మీటింగు నుంచి రాగానే, లావణ్యకు ఆ సంగతి చెప్పడానికి ఆవిడ ఫోను దగ్గరికి లాక్కున్నారు. ఏదో సంతకం కోసం నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"ఆఫీసు వాళ్లు మెయిల్ పంపిస్తారు కదా మేడం. మీకెందుకీ తలనొప్పి?"

"మెయిల్ విషయం చెబుతుంది గానీ, ఆ పిల్ల ఏమంటుందో వినదుగా."

"పోనీ, పైకి పిలవండి."

"నా ఎదురుగా అయితే ఏడుపు బిగబట్టుకుంటుంది. కింద లైబ్రరీలో ఇప్పుడు తనొక్కతే ఉంది. ఏడవాలనిపిస్తే ఏడుస్తుంది" అని డయల్ తిప్పారు.

ఆ ఫోనులో అవతలి మాట గదంతా వినిపిస్తుంది. మేడం చుట్టూ తిప్పకుండా విషయం చెప్పారు. అవతల వెక్కిళ్లు మొదలయ్యాయి. మేడం ఓదార్చలేదు. రిసీవరు చెవికి గట్టిగా అదుముకుని కూర్చున్నారు. ఏదో ఒకటి అనండి అని నేను సైగలు చేస్తూనే ఉన్నాను. యాదగిరి పెట్టి వెళ్లిన టీ మీద మీగడ కట్టింది. చివరికి లావణ్య గొంతు వచ్చింది.

"మేడం, ఒక్కటి చెప్పుర్రి. మీటింగ్ల మీరేమన్నరు?"

నేను కంగారుగా తల అడ్డంగా ఊపాను. కమిటీ నిర్ణయం అనండి చాలు, అంతే అనండి!

"నేనూ వద్దనే అన్నానమ్మా."

"మీరు గూడనా? గట్లెట్లంటరు మేడం? అన్నీ మిమ్మల్నే గద అడిగిన?"

"అడిగావు. చాలాకాలంగా ఒకేచోట ఆగిపోయావు. ఇంకో ఏడాది ఇస్తే అదీ పోతుందనిపించింది. నేను పొరబడి ఉండొచ్చు. కానీ అన్నది మాత్రం నేనే."

అప్పుడు లావణ్య తిట్టింది. ఇంట్లో ఎంత పరేషాన్ ఉందో మీకేం ఎరుక, జీతం తీసుకుంటూ కూర్చున్నవాళ్లకు మా బాధ ఏం సమజైతది అంది. మేడం మొత్తం విన్నారు. లావణ్యే పెట్టేసింది.

నేను ఆగలేకపోయాను. "కమిటీ అని ఊరుకుంటే పోయేది కదా మేడం! ఇప్పుడు మీ మీద పగ పెంచుకుంటుంది."

"పెంచుకోనీ. కమిటీ మీద కోపం వస్తే దాన్ని ఎవరి మీద చూపిస్తుంది? కమిటీకి ముఖముందా?"

ఆవిడ టీ కప్పు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టేశారు. అది చూశాక కూడా నా కోపం తగ్గలేదు. ఊరికే మీదేసుకున్న గొడవ అనిపించింది.

లావణ్య ఆ తరవాత మేడంతో మాట్లాడలేదు. వరండాలో ఎదురుపడినా తల తిప్పుకునేది. మేడం రిటైరయ్యారు, కొన్నాళ్లకు పోయారు. నిరుడు నల్లగండ్లలో కూరగాయలు కొంటుంటే లావణ్య కనిపించింది. అక్కడే ఒక బడిలో లెక్కలు చెబుతోందట. మేడం సంగతి చెప్పాను.

"విన్ననక్కా. చూడనీకి పోలే" అంది. టమాటాలు ఏరుతూ, "నాకు ఆమె మీద కోపం ఇంకా పోలే. కానీ ఎవరి మీద కోపమో నాకు ఎరుకే. అది తెల్వకుంటే ఇన్నేండ్లు నన్ను నేనే తిట్టుకుంట కూసునేదాన్ని" అంది.

పోయిన వారం మా ప్రాజెక్టును కుదించారు. నా టీంలోంచి ఒకరిని తీసెయ్యాలి. నేను నవీన్ పేరు ఇచ్చాను. ఏం చెప్పాలో హెచ్‌ఆర్ వాళ్లు వాక్యాలు రాసిచ్చారు: సంస్థ నిర్ణయం, మార్పుల్లో భాగం, మీ సేవలకు ధన్యవాదాలు. ఇంట్లోంచి పనిచేస్తున్న నవీన్‌కు ఫోన్ చేశాం. హెచ్‌ఆర్ అమ్మాయి కూడా లైన్లో ఉంది. నేను ఆ వాక్యాలన్నీ చదివాను.

"అక్కా, నా పేరు ఎవరిచ్చిండ్రు?" అన్నాడు నవీన్.

'సంస్థ' అనే మాట కాగితం మీద సిద్ధంగా ఉంది. అది చదివేస్తే అయిపోయేది. ఎక్కడున్నారో గానీ, మేడం మీద పట్టరాని చిరాకు వచ్చింది.

"నేనే ఇచ్చాను నవీన్" అన్నాను. ఎందుకిచ్చానో కూడా చెప్పాను. హెచ్‌ఆర్ అమ్మాయి మొదట నాకు, "అలా చెప్పకూడదు మేడం" అని మెసేజ్ పెట్టింది, తరవాత లైన్లోంచి తప్పుకుంది. నవీన్ అరిచాడు. కిరాయి ఇల్లు మారి నెల కాలేదన్నాడు, నమ్మినందుకు బుద్ధొచ్చిందన్నాడు. తరవాత మాట ఆగిపోయింది. అవతల ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం వస్తోంది. నాకు ఇంకో మీటింగు ఉంది, కంప్యూటర్లో దాని గంట మోగుతూనే ఉంది. అయినా కట్ చెయ్యలేదు. అతను ఏమంటే అది వినడానికి అలాగే కూర్చున్నాను.