బ్యాటరీకి చుట్టిన గ్లౌజులు

సిత్రా నుంచి మనామా వెళ్లే బస్సులో పక్క సీటతను కమలాపండు ఒలిచి నాకు రెండు తొనలు ఇవ్వబోయాడు. అతని వేళ్ల చివరలు బొగ్గులా నల్లబడి ఉన్నాయి. రెండు వేళ్లకు గోళ్లే లేవు. వద్దని కిటికీ వైపు జరిగాను.

అతను గమనించాడు. "అంటుకునేది కాదన్నా. చలికి పోయినయి," అన్నాడు.

బహ్రెయిన్‌లో అంత చలి ఎక్కడిదని అడిగాను.

అతను గడ్డకట్టిన కోళ్లు నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీలో పనివాడట. "నాకు వీసా ఇచ్చిన సేటు, మా కఫీల్ కొడుకు మంచు దేశంల గుట్టల మీద తోలుతా అని కొత్తగ వచ్చిన కరెంటు బైకు కొన్నడు. ముందుగాల ఈడ నేర్చుకుంటా అని ఫ్రీజర్ల ఐసు పొడి పరిపిచ్చిండు. పొగ రాదు గద, కోళ్లకు వాసన పట్టదని వాళ్ల నాయన సుత ఊకున్నడు. చలికి బ్యాటరీ దిగిపోతదని నా గ్లౌజులు గుంజుకొని దానికి చుట్టిండు. బండి పడ్డప్పుడల్లా ఉత్త చేతులతోని నేనే లేపిన. మూడు దినాలు."

"చేతులు పోతాయని చెప్పలేకపోయారా?"

"చెప్పిన. యల్లా, జల్ది లేపు అన్నడు." తొన నోట్లో వేసుకున్నాడు. "బ్యాటరీకి మాత్రం ఏం కాలే."

ఆ తండ్రీకొడుకుల మీద నాకు పుట్టిన రోత ఇంతా అంతా కాదు. మనామాలో దిగేటప్పుడు అతను చెయ్యి చాపితే పట్టుకున్నాను కూడా.

గదికి వెళ్లాక, వాళ్లిద్దరినీ తిట్టుకుంటూనే, ఆ చేతిని సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.