ఎల్లమ్మ తిన్న మామిడిపండు

చందాపుర దాటినాక మా సర్కారు తోట ఉండాది. ఇప్పుడు చుట్టూరా అపార్ట్‌మెంట్లు లేచినాయి గానీ, మా అత్త కూలికి చేరినప్పుడు అదంతా రాళ్ల నేలంట. రాగి కూడా సరిగ్గా పండేది కాదంట. సర్కారోళ్లు రాళ్లు ఏరించి, గుంతలు తవ్వించి మామిడి పెట్టినారు. అమ్ముకునే మామిడి కాదప్పా. ఒక జాతి పువ్వుకు ఇంకో జాతి పుప్పొడి అంటించి, ఆ కాయ టెంక నాటి, కొత్త జాతి ఏమన్నా పుడుతుందేమోనని ఏండ్లకేండ్లు కాచుకునే మామిడి. ఆ చెట్లకు పేర్లుండవు, నంబర్లే. కాసినాక రుచి చూస్తారు. బాగుంటే ఉంచుతారు, లేకుంటే గొడ్డలే. నేను కోడలిగా వచ్చి అత్త వెంట పనికి పోయేటప్పటికి సగం తోట అట్ల నరికి మళ్లీ నాటిందే.

ఒక వరసలో చివరి చెట్టంటే మా అత్తకు ప్రాణం. ఎండాకాలంలో బిందెతో నీళ్లు మోసి బతికించింది. పక్క చెట్లన్నీ కాసి, పులుపని పోయినాయి. ఇది మాత్రం కాయనే లేదు. చెట్లు చూసే ఆఫీసరు సారుది కోస్తా వైపు. "ఈ ఏడాది కూడా దీని రుచి తేలకపోతే తీసేయాల్సిందే పెద్దమ్మా, స్థలం చాలట్లేదు" అన్నారు.

ఆ ఏడు ఒకే ఒక్క కాయ నిలిచె. అత్త దానికి వల కట్టి, ఉడతల్ని తోలుకుంటా కాపలా కాసె. సారు లీవు పెట్టి ఊరికి పోయినప్పుడే అది పండె. శుక్రవారం పొద్దున అత్త దాన్ని కోసి, గేటు కాడుండే ఎల్లమ్మ గుళ్లో పెట్టేసె. తొలి పండు అమ్మకు పెడితేనే చెట్టు నిలుస్తుందని ఆమె నమ్మకం. మా అందరికీ తలా ఒక చీలిక ప్రసాదం.

సారు తిరిగొచ్చి ఖాళీ కొమ్మ చూసి బిత్తరపోయినారు.

"పండేదీ?"

"అమ్మకు పెడితి సార్."

"అయ్యో పెద్దమ్మా! రుచి ఇప్పుడు నాకెవరు చెప్పాలి? అమ్మవారా?"

"అందరూ తినిరి కదా, అడగండి."

అడిగినారు. వాచ్‌మన్ కళ్లకద్దుకున్నట్టు చేసి "అమృతం సార్" అనె. డ్రైవరు "శానా బాగుండాది" అనె. నేనూ అదే అంటి. సారు తల పట్టుకున్నారు.

"ప్రసాదం బాగలేదని ఎవడైనా అంటాడా? మీ మాట నేనెట్లా నమ్మేది? పెద్దమ్మా, నువ్వు చెప్పు."

తీపని ఒక్క మాట అంటే చెట్టు బతుకుతుంది. అత్త చెట్టు దిక్కే చూసె.

"తీపి బాగుండాది సార్. వాసన ఇంకా బాగుండాది. కానీ ఒకటే పీచు. పొద్దు మునిగేదాకా పుల్లతో పళ్ల సందులు గీక్కుంటా ఉంటి."

"అత్తా!" అని నేను గిల్లితి.

"ఏమే, అమ్మకు పెట్టినదాని మీద అబద్ధమాడేదా?"

సారు పకపకా నవ్వినారు. "ఇంత ప్రేముండీ దాని లోపం చెప్పిందంటే, ఆ తీపీ నిజమే. ఉంచండి దీన్ని. పీచు లేని జాతితో కలిపి చూద్దాం." పోతా పోతా వెనక్కి తిరిగి, "వచ్చే ఏడు పండు మాత్రం నాది పెద్దమ్మా!" అన్నారు.

"అమ్మ వంతు అయిపాయె కదప్పా," అనె అత్త, "ఇంక నువ్వూ ఉడతలూ తేల్చుకోండి."