కింద వీధి తాళంచెవులు

ఒక ఫారంలో నేను రాసిన రెండక్షరాల మాట ఇన్నేండ్లుగా నా ఎద మింద కూచ్చోని ఉండాది. పెండ్లానికి చెప్పలేదు. పిల్లోళ్ళకు చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు, అందుకే నీతో చెప్తాండా. విని తిట్టుకున్నా సరే.

అప్పట్లో నేను జమ్మలమడుగులో నీళ్ళ ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను. పట్నం పెరుగుతాంది, బోర్లు ఎండిపోతాండాయి. ఏటి నీళ్ళను పైపుల్లో పట్నానికీ, దోవలో ఉండే పల్లెలకూ ఇయ్యాలని ప్లాను. ఇండ్లు తిరిగి తలకాయలు లెక్కబెట్టుకోని రావడం నా పని. ఆ లెక్కను బట్టే, ముప్పై ఏండ్లకు జనం ఎంత పెరుగుతారో చూసి, ఏ వీధికి ఎంత లావు పైపో ఆఫీసులో తేలుస్తారు.

ముద్దనూరు దోవలో ఒక పల్లె. పేరు చెప్పను. రెండు వీధులు, రెండు పార్టీలు. నేను పోయేదానికి ముందేడు కింద వీధిలో ఒక మనిషిని నరికినారు. ఆ భయానికి వీధి వీధంతా ఇండ్లకు తాళాలేసుకోని ప్రొద్దుటూరికి పోయి బాడుగ ఇండ్లల్లో చేరింది. మిగిలింది ఒకే ఒక మనిషి, మిషను బడిలో చదువు చెప్పి రిటైరైన టీచరమ్మ. పోయినోళ్ళంతా తాళంచెవులు ఆమె చేతికిచ్చి పోయినారు.

నేను లెక్కకు పోతే ఆమె రేకు డబ్బా తెచ్చి తాళంచెవులన్నీ మంచం మింద కుమ్మరించింది. ఒక్కొక్కటే చేతికి తీసుకోని చెప్పింది. ఇది దావీదుది, ఆరు మంది, కోడలు నీళ్ళోసుకోని ఉండాది గాబట్టి ఏడని రాసుకో. ఇది మస్తానుది, నలుగురు. అట్లా ప్రతి ఇల్లూ. నేను తెల్లకాగితం మింద పెన్సిలుతో రాసుకుంటా పోయినా.

"అందర్నీ రాస్తాండావా నాయనా?"

"రాస్తాండా టీచరమ్మా."

"తాళమేసినారంటే తిరిగి రావాలనే గదా. రానోళ్ళు తాళమెందుకేస్తారు? నీళ్ళుంటే వచ్చి నిలబడతారు. ఒక్క తల గూడా పోనీయొద్దు."

"పోనీయను."

ఆ మాట నేనే అన్నా. నా నోటితోనే.

ఆడ్నించి పై వీధి పార్టీని నడిపే పెద్దాయనింటికి పోయినా. ఆయన కత్తి చూపించలేదు, గొంతు గూడా పెంచలేదు. ఉగ్గాని పెట్టించినాడు. యా ఊరు, ఎంతమంది పిల్లోళ్ళు అని అడిగినాడు. మా ఇంటామె పులివెందుల్లో టీచరు, ఆడికి బదిలీ కోసం తిరుగుతాండానని చెప్పినా. చూస్తాంలే అన్నాడు. చెయ్యి కడుక్కుంటా, కింద వీధిలో ఎవురుండారప్పా, తాళాలకేంది నీళ్ళిచ్చేది అన్నాడు. అంతే.

భయపడి రాసినానని చెప్పుకుంటే ఎంత బాగుండును! భయమే అయింటే ఈపాటికి మర్చిపోయిందును. ఆయన అడగను గూడా అడగలేదు గదా, మరి నేనెందుకు రాసినట్టు? అడగకముందే ఇచ్చేసే రకం మనిషిని గాబట్టి. బస్సు కోసం కూచ్చోని ఆడే ఫారం నింపినా. కింద వీధి: ఖాళీ. పెన్సిలు కాగితాన్ని చించి కంపచెట్లలో పారేసినా.

సున్నా ముప్పై ఏండ్లు పెరిగినా సున్నానే. పైపు పై వీధి దాటలేదు. నాకు బదిలీ వచ్చింది.

కొన్నేండ్లకు రాజీ అయింది. కింద వీధోళ్ళు తిరిగొచ్చినారు. టీచరమ్మ దగ్గర తాళంచెవులు తీసుకోని తలుపులు తెరిచి, బూజులు దులిపి, సున్నాలేసుకున్నారు. కొళాయి లేదు. బిందె నీళ్ళకు పై వీధికి పోవాల, తమ మనిషిని నరికినోళ్ళ వాకిట్లో వరసలో నిలబడాల. ఆడోళ్ళు రెండు ఎండాకాలాలు నిలబడినారు. మాటలు పడినారు. బిందెలు తన్నించుకున్నారు. ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటే, ఆ వీధి ప్లానులో లేదు, ఈ పైపు ఇంకో వీధిని మోయలేదన్నారంట. ఆ అర్జీ సంగతి పులివెందుల్లో నా చెవినబడింది. తప్పు నాదని ఒక్క కాగితం రాసింటే ఏమన్నా అయిండునేమో. రాయలేదు. ఉద్యోగం పోతాదని ఊరకుండినా.

వాళ్ళు మళ్ళా ప్రొద్దుటూరికే పోయినారు. ఈ తూరి టీచరమ్మ గూడా వాళ్ళతోనే పోయింది. కత్తులకు భయపడి పోయినోళ్ళు తిరిగొచ్చినారు గానీ, నీళ్ళు లేక పోయినోళ్ళు ఇంక రాలేదు.

రిటైరై నేనూ ప్రొద్దుటూరులోనే ఇల్లు కట్టుకున్నా. పోయినేడు కూరగాయల మార్కెట్లో, ముద్దనూరు దోవ పల్లెల్లో నీళ్ళ లెక్క రాసింది నేనేనని ఎవురితోనో అంటాంటే, పక్కనుండి విన్న ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు. దావీదు. టీచరమ్మ నా గురించి శానాసార్లు చెప్పిందంట, నేనొస్తే సంబరపడతాదని బలవంతంగా పిల్చుకోని పోయినాడు. ఆమె మంచంలో ఉండింది. చూపు పోయింది. నా చెయ్యి తడిమి, చుట్టూ ఉన్నోళ్ళతో అనింది: "మనల్నందర్నీ రాసినాడీ నాయన. ఆఫీసులో పైనోళ్ళే మన పేర్లు కొట్టేసినారు."

ఎవురో కుర్చీ తెచ్చినారు. కాఫీ ఇచ్చినారు. తాగినా. నోరు పెగల్లేదని చెప్పుకోవచ్చు గానీ, అబద్ధం. ఆ మాట నాకు తియ్యగా ఉండింది.

మొన్న ఆమె పోయింది. సమాధులకాడ నన్ను ముందు వరసలో నిలబెట్టినారు. సార్, సార్ అని దోవిచ్చినారు. థూ, నా బతుకు.

ఎవురూ కొట్టేయలేదు టీచరమ్మా. కొట్టేయడానికి నేను రాసింటే గదా.

చెప్పినాక ఎద కొంచెం తేలికయింది. అట్లా తేలికవడం గూడా నాకు సిగ్గుగానే ఉండాది. ఆ పొద్దు రాయాల్సింది ఈ పొద్దన్నా రాద్దామని కాగితం తీసుకున్నా. దావీదు ఇల్లు, ఏడు మంది. మస్తాను ఇల్లు, నలుగురు.

తక్కినోళ్ళ పేర్లు నాకు గుర్తు లేవు.